పడవ పెట్టె

రేడియో బాగుచేసేవాళ్ళ నోట్లో ఆ రోజుల్లో ఒక మాట ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. "మద్రాసు నుంచి పార్టు రావాల." పని చేతకాకపోతే ఆ మాటే, చేతనై బద్ధకమేసినా ఆ మాటే, విప్పిన రేడియోను మళ్ళీ బిగించే తీరిక లేకపోయినా ఆ మాటే. వినేవాళ్ళు కూడా పెద్దగా రచ్చ చేసేవాళ్ళు కారు. పైదేశాల నుంచి వచ్చే సీమ సామాను మీద సర్కారు ఆంక్షలున్నాయి, రైళ్ళు ఆలస్యంగా నడుస్తాయి, నిజమే కాబోలు అనుకుని సంచీ చంకన పెట్టుకుని బస్సెక్కి పోయేవాళ్ళు. నెల్లూరు సంతపేటలో కొట్టు పెట్టుకున్న జీవానందం ఆ మాటను పదిహేనేళ్ళలో వెయ్యిసార్లయినా అని ఉంటాడు. ఆ వెయ్యిసార్లూ ఒక ఎత్తు, పంతొమ్మిదివందల అరవై నాలుగు శ్రావణమాసంలో ఇందుకూరుపేట వెంకటశేషమ్మతో అన్నది ఒక ఎత్తు.

ఆమె ఆ రోజు రేడియోను పాత దుప్పట్లో చుట్టి, చంటిపిల్లను తెచ్చినట్టు ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చింది. అరవై దాటిన మనిషి. కాసంత మాగాణి ఉన్న రైతుల ఇల్లాలు. కొట్టు బల్ల మీద రేడియో దించి, చెమట తుడుచుకుని, మంచినీళ్ళు కూడా అడక్కుండా మొదలుపెట్టింది.

"గురక పెడతా ఉంది నాయనా. మాట బయటికి రాదు, గుర్రుమంటా ఉంటది. మా ఆయనకి ఇదొకటే ఆధారం. రెండు దినాల్లో చేసియ్యగలవా?"

ఆయన పేరు జయరామయ్య. ఆరేళ్ళ కిందట రెండు కళ్ళూ పోయాయి. ఊళ్ళోకి కరెంటొచ్చిన రెండో యేడే ఈ రేడియో కొన్నారు. సాయంత్రం వార్తల వేళకు దాన్ని అరుగు మీదికి తెచ్చి పెడితే వీధి వీధంతా వచ్చి చుట్టూ చేరేది. పొలం పనిలో ఉండి వినలేకపోయినవాళ్ళు తర్వాత వస్తే, ఆయనే ఒక్క ముక్క పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు. ఊరికి కబుర్లన్నీ కళ్ళులేని ఆయన నోటినుంచే తెలియాలి, అదీ ఆయన దర్జా. ఇదంతా వెంకటశేషమ్మ నిలబడే చెప్పింది, కూర్చోమన్నా కూర్చోలేదు.

జీవానందం వెనకపలక ఊడదీసి చూశాడు. ఒక కండెన్సరు ఎండిపోయింది, అంతే. అలాంటిది అతని సొరుగులోనే నాలుగున్నాయి. అరగంట పని. ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, ఒక టీ తెప్పించి, అది తాగేలోగా చేసి ఇచ్చేయవచ్చు. కానీ అతని కన్ను కండెన్సరు దగ్గర ఆగలేదు. పక్కనే ఇటికరాయంత ట్రాన్స్‌ఫార్మరు, నల్లగా, నిగనిగలాడుతూ, చెక్కుచెదరకుండా కనబడింది. ఆర్నెల్లుగా అతను నెల్లూరంతా గాలించి, మద్రాసుకు ఉత్తరాలు రాసి రాసి విసిగిపోయిన సైజు సరిగ్గా అదే.

"మద్రాసు నుంచి పార్టు రావాలమ్మా," అన్నాడు.

వెంకటశేషమ్మ ముఖం చిన్నబోయింది. "ఎన్నాళ్ళు పడతాది?"

"పది దినాలు."

ఇంతకీ ఆ ట్రాన్స్‌ఫార్మరు ఎందుకంటే అతని కూతురి కోసం. కరుణాకుమారికి అప్పుడు తొమ్మిదేళ్ళు. రెండేళ్ళ కిందట ఒక జ్వరం వచ్చి, పోతూ పోతూ ఎడమచేతిని పట్టుకుపోయింది. భుజం కదిలేది, మోచెయ్యి కొద్దిగా వంగేది, వేళ్ళు మాత్రం ఎవరివో అయినట్టు వేలాడేవి. ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పవలసింది ఖచ్చితంగా చెప్పింది. "ఆ వేళ్ళకు రోజూ పని చెప్పాలి. మీరు పట్టుకుని తిప్పితే లాభం లేదు, పిల్ల తనంతట తాను తిప్పాలి. ఇప్పుడు తిప్పకపోతే ఇక ఎప్పటికీ లేదు." రబ్బరు బంతి ఇచ్చి పిసకమంటే పిల్ల విసిరికొట్టేది. నువ్వులనూనె పెట్టి రుద్దబోతే వాళ్ళమ్మ రెబెక్కమ్మ ఒడిలో తల దాచుకుని ఏడ్చేది. అది ఏడుస్తుంటే రెబెక్కమ్మకు చేతులాడేవి కావు. మొగుడి వైపు చూసి, "ఊళ్ళో వాళ్ళ రేడియోలన్నీ మాట్లాడిస్తావు గదా, నీ బిడ్డ చేతికొక ఉపాయం చూడలేవా?" అని దెప్పేది.

ఉపాయం తట్టింది. జీవానందం రెండో ప్రపంచయుద్ధకాలంలో సైన్యంలో చేరి వైర్‌లెస్ దళంలో పనిచేసినవాడు. అక్కడ చూసిన యంత్రాల్లో ఒకదాని మీద అతనికి అప్పటినుంచీ మోజు. పొడుగాటి గాజుబుడ్డి, ఒక చివర సాసరంత గుండ్రటి తెర, కరెంటు పెడితే ఆ తెర మీద పచ్చగా ఒక చుక్క. మీట తిప్పితే చుక్క జరిగేది. యుద్ధం అయిపోయాక అలాంటి బుడ్లను తుక్కు కింద అమ్మేశారు. ఒకసారి మద్రాసు పాత సామాన్ల బజారులో పగిలిన గడియారాలకూ తుప్పు పట్టిన తాళాలకూ మధ్య ఒకటి కనబడితే గడ్డిలో చుట్టించి రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాడు. ఏళ్ళ తరబడి అది అటక మీదే పడి ఉంది. టెలివిజన్ అనే మాట పేపర్లో చదవడమే తప్ప నెల్లూరులో చూసినవాడు లేడు. ఇంట్లో కూర్చుని తెర మీద ఆడుకునే ఆట ఒకటి ఉండొచ్చని కూడా అతనికి ఎవరూ చెప్పలేదు. పిల్ల ఏడుపు వినలేక ఒకనాడు అటకెక్కి దాన్ని దించాడు.

పాడైపోయిన హార్మోనియం పెట్టెకు ముందు గుండ్రంగా కంత కోసి బుడ్డి అమర్చాడు. కిందుగా రెండు మీటలు పెట్టాడు. కుడిచేతి మీట తిప్పితే చుక్క పక్కలకు పోతుంది, ఎడమచేతి మీట తిప్పితే పైకీ కిందికీ పోతుంది. తెర మీద అంటించడానికి నూనెకాగితం మీద పెన్నానది గీశాడు. ఈ పక్క కోవూరు ఒడ్డు, ఆ పక్క నెల్లూరు ఒడ్డు, నడుమ ఇసుకమేటలు. చుక్క పడవ. మేటలకు తగలకుండా పడవను కోవూరు నుంచి నెల్లూరు ఒడ్డుకు చేర్చాలి. ఒక్క చేత్తో ఎంత తిప్పినా చేరదు, రెండు చేతులూ కలిసి పనిచేస్తేనే చేరుతుంది. అందులోనే ఉంది కిటుకంతా. పగలంతా కొట్లో ఉండి, సాయంత్రాలు ఆ పెట్టెతో కుస్తీ పట్టి అన్నీ అమర్చుకున్నాక, ఉన్న ఒక్క ట్రాన్స్‌ఫార్మరూ కాలి కంపు కొట్టింది. ఆ బుడ్డికి మామూలు కరెంటు చాలదు, ఎక్కువ వోల్టేజి కావాలి. అది ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరు ఎక్కడా దొరకలేదు. సరిగ్గా అప్పుడు వెంకటశేషమ్మ దుప్పటి మూట విప్పింది.

రెండు రోజులే అనుకున్నాడు. పెట్టె పనిచేస్తుందో లేదో చూసి తీసేద్దామనుకున్నాడు. దొంగతనం అనే మాట మనసులోకి రానివ్వలేదు, 'పరీక్ష' అని పేరు పెట్టుకున్నాడు. ట్రాన్స్‌ఫార్మరును, దానితో పాటు ఒక వాల్వును విప్పి గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చి బిగించాడు. రెబెక్కమ్మ కాఫీ గ్లాసు పట్టుకొచ్చి, "ఇది యాడిది?" అంది. అతను తల ఎత్తకుండానే, "మద్రాసు నుంచి వచ్చినాది," అన్నాడు. రెబెక్కమ్మ నమ్మింది. ఆ మాట ఇంట్లోవాళ్ళ మీద వాడడం అదే మొదటిసారి.

స్విచ్చి వేశాక ఒక నిమిషం ఏమీ కాలేదు. తర్వాత గుండ్రటి తెర నడిమధ్యన పచ్చటి చుక్క మెల్లగా వెలిగింది. కరుణాకుమారి నోరు తెరుచుకుని చూసింది. కుడిచేత్తో ఒక మీట తిప్పింది, చుక్క పక్కకు జరిగింది. రెండో మీటకు కూడా కుడిచెయ్యే పోబోతే జీవానందం ఆ చెయ్యి పట్టుకుని, "అది దీనిది గాదు. దాని చెయ్యి వేరే ఉండాది," అన్నాడు. పిల్ల అతనివైపు చురచురా చూసింది. ఎడమచేతిని మోచేతితో ఈడ్చి మీట మీద పడేసింది. వేళ్ళు జారాయి. మళ్ళీ పడేసింది. ఆ సాయంత్రం పడవ ముప్ఫైసార్లు మునిగింది, పిల్ల ఒక్కసారి కూడా ఏడవలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పడవ మేటకు తగిలిందో లేదో ఆ పెట్టెకు తెలియదు. చుక్క మేట మీదుగా కూడా హాయిగా పోగలదు. తగిలితే తగిలిందని ఆడేవాళ్ళే ఒప్పుకుని మళ్ళీ కోవూరు ఒడ్డుకు పోవాలి. కరుణాకుమారి ఆ విషయంలో మహా కర్కోటకురాలు. తండ్రి ఆడేటప్పుడు వెంట్రుకవాసి తగిలినా, "తగిలింది నాయనా. నేను చూసినా. మళ్ళా మొదటికి పో," అనేది. జీవానందం నవ్వుతూనే వెనక్కి పోయేవాడు, కానీ ఆ మాట అన్నప్పుడల్లా లోపల ఎక్కడో చురుక్కుమనేది.

పది రోజులకు వెంకటశేషమ్మ వచ్చింది. "వచ్చిందా నాయనా?" అంది. రాలేదన్నాడు. దసరా ముందర మళ్ళీ వచ్చింది, ఈసారి సంచీనిండా మునక్కాయలు తెచ్చింది. "మద్రాసోళ్ళకి గెట్టిగా జాబు రాయి అబ్బయ్యా. మా ఆయన రోజూ అడగతా ఉండాడు. రేడియో లేకపోయేసరికి అరుగు మీదికొచ్చే నాథుడు లేడు. ఆయన మాత్రం ఆ వేళకి పోయి ఒక్కడే కూకుంటాడు." మునక్కాయలు వద్దనబోయాడు, ఆమె వినలేదు. వాటిని ఇంటికి తీసుకుపోవడానికి చేతులు రాక పక్క కొట్టు కామాక్షయ్యకు ఇచ్చేశాడు.

ఆ రోజే తీసేసి ఉంటే బాగుండేది. తీయడానికే ఇంటికి పోయాడు కూడా. గడపలో కాలు పెట్టేసరికి కరుణాకుమారి, "నాయనా, ఇట్ట చూడు," అని ఎడమచెయ్యి చాపింది. చూపుడువేలూ బొటనవేలూ నెమ్మదిగా దగ్గరకొచ్చి మీటను పట్టుకున్నాయి. మోచేతి ఊపు లేకుండా, వేళ్ళతోనే, మీట పావు చుట్టు తిరిగింది. రెబెక్కమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇక ఏ తండ్రి ఆ పెట్టెకు స్క్రూడ్రైవరు పెడతాడు? ఇంకొక నెల, పట్టు గట్టిపడేదాకా, అనుకున్నాడు.

అంతవరకు అతన్ని తప్పు పట్టడానికి నాకూ నోరు రాదు. కానీ తర్వాతి సంగతి వేరు. పడవ పెట్టె కబురు వీధిలో పాకింది. సాయంత్రమైతే పిల్లలు, పిల్లల వెనక పెద్దలు. బళ్ళో సైన్సు చెప్పే ఆనందబాబు మాస్టారు వచ్చి, రెండుసార్లు పడవ ముంచుకుని, "నువ్వు తెల్లోళ్ళ సీమలో పుట్టాల్సినోడివయ్యా," అన్నాడు. జీవితమంతా ఒకరి రేడియోలకు బూజు దులిపిన మనిషికి ఆ మాట కల్లు తాగినట్టు తలకెక్కింది. కొత్త నూనెకాగితాలు గీశాడు. ఒకదాని మీద మైపాడు సముద్రం, ఒకదాని మీద మిట్టపల్లాల బాట. మధ్యాహ్నం కొట్టు మూసి అన్నానికొచ్చి, పిల్ల బళ్ళో ఉండగా, తనే ఆ పెట్టె ముందు కూర్చుని గంటలకు గంటలు ఆడుకున్నాడు. పిల్ల చేతికోసమని మొదలైనది ఎప్పుడు తన గొప్పకోసమైందో అతనికి తెలియకపోలేదు. తెలిసే ఊరుకున్నాడు.

ప్రతి నెలా మొదటి ఆదివారం వాళ్ళ క్రైస్తవుల గుళ్ళో ప్రభువు బల్ల. రొట్టే ద్రాక్షరసమూ వరసగా చేతులు మారుతూ వస్తాయి, తన్ను తాను పరీక్షించుకుని తీసుకోమని పాస్టరుగారు ముందే చెప్తారు. అక్టోబరులో రొట్టె పళ్ళెం తన దగ్గరకొస్తే జీవానందం పక్కవాడికి అందించేశాడు. కడుపులో బాగాలేదనుకుంది రెబెక్కమ్మ. నవంబరులోనూ అంతే. ఇంటికొస్తూ దారిలో, "రెండు నెలలుగా నీ కడుపు ఆదివారమే చెడిపోతా ఉండాదే," అంది. అతను మాట మార్చాడు. ఆ నవంబరు వానల్లోనే వెంకటశేషమ్మ మూడోసారి వచ్చింది, తడిసి ముద్దయి, మోకాళ్ళదాకా బురదతో. "ఇంగా రాలేదా?" అని అడిగి, జవాబు అతని ముఖంలోనే చూసుకుని, కాసేపు చూరు కింద నిలబడి వెళ్ళిపోయింది. ఆమె రేడియో అతని వెనక అలమారులో, లోపల గుల్లగా, దుప్పటి కప్పుకుని ఉంది.

డిసెంబరులో బల్ల మూడోసారి దాటిపోయాక ఇక తట్టుకోలేకపోయాడు. మర్నాడే పెట్టె వెనక స్క్రూలు విప్పాడు. నాలుగింట్లో మూడు ఊడాయి. నాలుగోది తిప్పుతుండగా పాస్టరు కృపాదానంగారు గుమ్మంలోకొచ్చారు. "జీవానందం, నీ పడవ సంగతి ఊరంతా చెప్పుకుంటున్నారు. క్రిస్మస్ నాడు సండేస్కూలు పిల్లలందరినీ మీ ఇంటికి తెస్తాను. చూపిస్తావా?" అన్నారు. జీవానందం స్క్రూడ్రైవరు వీపు వెనక దాచాడు. "అట్నే అయ్యగారూ," అన్నాడు. ఆయన వెళ్ళాక మూడు స్క్రూలూ మళ్ళీ బిగించాడు. క్రిస్మస్ అయిపోగానే ఇచ్చేద్దాం, ఇన్ని నెలలు ఆగినవాళ్ళు మూడు వారాలు ఆగలేరా అనుకున్నాడు. క్రిస్మస్ నాడు నలభైమంది పిల్లలు వరసగా నిలబడి పడవ నడిపారు. అందరూ చప్పట్లు కొట్టారు. జీవానందం వాళ్ళ నడుమ పెళ్ళికొడుకులా నిలబడ్డాడు.

జనవరి రెండో తేదీ శనివారం. మర్నాడు మళ్ళీ ప్రభువు బల్ల. పొద్దున్నే పెట్టె విప్పి, ట్రాన్స్‌ఫార్మరూ వాల్వూ తీసి రేడియోలో బిగించి, ఎండిపోయిన కండెన్సరు మార్చాడు. ఆ పని అరగంట కూడా పట్టలేదు. పిల్ల అడిగితే, "మరమ్మతుందిలే," అన్నాడు. రేడియోను అదే దుప్పట్లో చుట్టి మధ్యాహ్నం బస్సెక్కాడు. ఏం చెప్పాలో దారి పొడుగునా వల్లించుకున్నాడు. పార్టు నిన్ననే వచ్చిందనాలి, కూలి అక్కర్లేదనాలి, ఆలస్యమైందని చేతులు జోడించాలి. నిజం చెప్పాలన్న ఆలోచన ఇందుకూరుపేటలో దిగేదాకా అతనికి రాలేదు. దిగాక కూడా వచ్చిందని చెప్పలేను.

అడిగి అడిగి ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. అరుగు మీద ఎవరూ లేరు. పిలిస్తే వెంకటశేషమ్మ బయటికొచ్చింది. నొసట బొట్టు లేదు, చేతులకు గాజులు లేవు. జీవానందం దుప్పటి మూట పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఆయన పోయి పదారు దినాలయింది నాయనా," అంది ఆమె. "చలికి దగ్గు పట్టుకునింది. నాలుగు దినాలు. అంతే."

పదహారు రోజులు. అతను వద్దనుకున్నా లెక్క దానంతటదే అయిపోయింది. పాస్టరుగారు వచ్చిన రోజుకు, ఆ నాలుగో స్క్రూ రోజుకు, ఆయన బతికే ఉన్నాడు. ఇంకా పదిరోజులు బతికాడు.

"వచ్చినాదా పార్టు?" అంది వెంకటశేషమ్మ.

అతను తల ఊపాడు.

"పాపం, అంత దూరం నుంచి తెప్పించినావు. పెట్టు నాయనా. మాట్లాడతాదేమో చూస్తా."

అరుగు మీద, ఆయన కూర్చునే మూలే పెట్టమంది. జీవానందం తీగ తగిలించాడు. రేడియో కాసేపు వేడెక్కి, ఒక్కసారిగా గణగణా మాట్లాడసాగింది. విజయవాడ కేంద్రం, వార్తలు. ఎదురింట్లోంచి ఒక ముసలాయన కండువా దులుపుకుంటూ వచ్చి అరుగంచున కూర్చున్నాడు. పక్కింట్లోంచి ఇద్దరొచ్చారు. చేలనుంచి వచ్చేవాళ్ళు నాగళ్ళు గోడకానించి నిలబడ్డారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. చూస్తుండగానే అరుగు నిండింది. గోడవార, రేడియో పక్కన, ఒక మనిషి పట్టేంత చోటు మాత్రం అందరూ వదిలేసి కూర్చున్నారు.

వార్తలు ఇంకా అవకముందే వెంకటశేషమ్మ వంగి రేడియో కట్టేసింది. "ఇంగ పొండయ్యా," అంది. వాళ్ళు లేచి వెళ్ళారు. ఆమె అరుగు మీద చతికిలబడింది. జీవానందం మెట్టు మీద కూర్చున్నాడు.

"నీతో ఒక మాట చెప్పాల నాయనా. మావాళ్ళతో చెప్పుకోలేను. మీ గుళ్ళో పాపాలు ఒప్పుకుంటారంట గదా, నీకయితే తెలస్తాది." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆయన అరుగు మీద ఒంటిగా కూకోడం చూళ్ళేక, నేను టీకొట్టు కాడికి పొయ్యి పేపరు చదివేవోళ్ళ మాటలు విని వచ్చి చెప్పేదాన్ని. నాకు అవన్నీ గుర్తుంటాయా? సగం మర్చిపోతా. మర్చిపోయిన కాడ నేనే కల్పించి చెప్పేదాన్ని. మైపాడు కాడ తిమింగలం పడిందన్నా. వడ్ల రేటు పెంచినారన్నా. ఒకనాడు ఏం తోచక, నెల్లూరు నుంచి మన ఊరికి రైలేస్తా ఉండారంట అన్నా. ఆయన ఎంత మురిసిపొయినాడనుకున్నావు. మొదటి రైలు నన్నెక్కించాల అన్నాడు. దినామూ అదే. పట్టాలు యాడిదాకా వచ్చినాయే, అని. పోయే ముందురోజు గూడా అడిగినాడు. కోడూరు దాకా వచ్చినాయన్నా." "కళ్ళులేని మనిషిని నాలుగు నెలలు మోసం చేసినా. అది తలుచుకుంటే అన్నం దిగడంలా నాకు."

దారిలో వల్లించుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి.

"మోసం మీది గాదమ్మా. నాది," అన్నాడు. "మద్రాసు నుంచి ఏ పార్టూ రావాల్సింది లేదు. అది అరగంట పని. ఆ పొద్దే చేసియ్యొచ్చు. దీంట్లో ట్రాన్స్‌ఫార్మరు నాకు కావాల్సొచ్చి తీసుకున్నా."

చెప్పడం మొదలుపెట్టాక ఆపలేదు. పిల్ల చెయ్యి, గాజుబుడ్డి, పడవ, మునక్కాయలు కామాక్షయ్యకిచ్చింది, మాస్టారి మెప్పు, మధ్యాహ్నాల ఆట, విప్పి మళ్ళీ బిగించిన మూడు స్క్రూలు, క్రిస్మస్ చప్పట్లు, అన్నీ చెప్పాడు. వెంకటశేషమ్మ నేలవైపు చూస్తూ వింది. తిడుతుందని అతను ఎదురుచూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"అరగంట పనా?" అంది చివరికి.

"అవునమ్మా."

"నేను ఆ బెంచీ మీద కూకుంటే అయిపొయ్యేదా?"

"అయిపొయ్యేది."

ఆమె అరుగు మీది దుప్పటి దగ్గరకు లాక్కుంది. తర్వాత, "బిడ్డకి చెయ్యి వచ్చినాదా?" అంది.

"వేళ్ళు పట్టుకుంటా ఉండాయి. గెట్టి పట్టు ఇంగా రాలేదు."

వెంకటశేషమ్మ లేచింది. దుప్పటి దులిపి, రేడియోకు చుట్టి, తనే ముడేసి అతని ముందు పెట్టింది. "ఎత్తకపో."

"వద్దమ్మా. మీకు దండం పెడతా, వద్దు."

"నీకిస్తా ఉండానని ఎవురు చెప్పినారు?" ఆమె గొంతు హెచ్చలేదు. "ఆ పిల్లకిస్తా ఉండా. నిన్ను మన్నించినానని మీ గుళ్ళో చెప్పుకోబాక. మన్నించలా. ఇంట్లోకి పొయ్యి ఆ పిల్లతో ఇది ఎవురిదో, ఎట్ట వచ్చినాదో, నువ్వే చెప్పియ్యి. మద్రాసు నుంచి వచ్చినాదని మాత్రం చెప్పబాక."

లోపలికి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది.

జీవానందం ఇల్లు చేరేసరికి రెబెక్కమ్మ పొయ్యి దగ్గర ఉంది. కరుణాకుమారి పడవ పెట్టె ముందు, వెలగని తెరవైపు చూస్తూ కూర్చుని ఉంది. "మరమ్మతయిందా నాయనా?" అంది. అతను మూట దించి, చెప్పులైనా విప్పకుండా పిల్ల ఎదురుగా కింద కూర్చున్నాడు. ఇందుకూరుపేట తాత దగ్గర మొదలుపెట్టి రైలు పట్టాల దాకా చెప్పాడు. చెప్తున్నంతసేపూ కూతురి ముఖంలోకి చూడలేకపోయాడు. పొయ్యి దగ్గర గరిటె చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది.

"ఆ తాత నా చేతికోసరం రేడియో వినకుండా చచ్చిపొయినాడా?" అంది పిల్ల.

అవుననడం ఎంత తేలికో అతనికి ఆ క్షణంలో తెలిసింది. నాలుగు నెలలుగా తనకు తాను చెప్పుకున్నది అదే కదా.

"నీ చేతికోసరం గాదమ్మా. నీ చేతికోసరమయితే దసరాకే ఆమెకు నిజం చెప్పి, ఇంకో నెల అడుక్కుని ఉండొచ్చు. అడిగుంటే ఇచ్చి ఉండేది ఆ తల్లి. నలుగురూ నన్ను మెచ్చుకుంటా ఉంటే బాగుండి ఉంచుకున్నా. నాకోసరం."

జీవానందం జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, మూట ముడి విప్పి, రేడియోను వెనక్కి తిప్పబోయాడు. "ఇది నీకే ఇచ్చినాదమ్మా ఆమె. దీంట్లో ట్రాన్స్‌ఫార్మరు తీసి పెట్టెలో బిగిస్తా. చేతికి పట్టు రావాల గదా," అన్నాడు.

"వద్దు. దాంట్లోనే ఉండనీ," అంది పిల్ల.

రేడియోను తనవైపు లాక్కుని, పడవ పెట్టె తీగ పీకి దాని తీగ తగిలించింది. కుడిచెయ్యి ఒళ్ళోనే పెట్టుకుని ఎడమచెయ్యి చాపింది. రేడియో మీట పడవ పెట్టె మీటకన్నా బిర్రు. వేళ్ళు రెండుసార్లు జారాయి. జీవానందం సాయం పట్టబోతే మోచేత్తో తోసేసింది. మూడోసారి మీట టక్కుమని తిరిగింది. రేడియో వేడెక్కి మాట్లాడసాగింది. ఏదో ఊరి హరికథ.

"రేపట్నుంచి వార్తలప్పుడు నేనే పెడతా," అంది కరుణాకుమారి, తండ్రి ముఖం చూడకుండా. "ప్రతి ఆదివారం ఆ అవ్వ కాడికి పొయ్యి, ఆ వారం వార్తలన్నీ చెప్పొస్తా. ఒక్కటి గూడా కల్పించకుండా. నువ్వు బస్సులో తోడు రా చాలు, ఆ అవ్వ ఇంట్లోకి రాబాక."

జీవానందం సరేనన్నాడు.